కస్టమర్ అందుబాటులో లేరు

తలుపు తీసినవాడు పార్సిల్ కోసం చెయ్యి చాపాడు. పార్సిల్ వెనక సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఉంది.

చనిపోయినవాడు రేపో మాపో కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన మనిషి. డిపార్ట్‌మెంట్ అతని పేరు మార్చింది, ఊరు మార్చింది, గడ్డం పెంచి కళ్ళజోడు పెట్టి ముఖం కూడా మార్చింది. కాళ్ళు మాత్రం మార్చలేకపోయింది. అతని ఎడమ పాదం కుడిదానికన్నా పెద్దది. అందుకని ఏ ఊళ్ళో దాక్కున్నా ఒకే రకం బూట్లు రెండు సైజుల్లో రెండు జతలు తెప్పించుకునేవాడు. ఫోన్‌లో ఆర్డర్ పెట్టి, ఇంటికే.

"బూట్లే పట్టిచ్చాయి" అన్నాడు చీఫ్.

సెల్‌ఫోన్ రిపేరు షాపు వెనక గదిలో బ్రీఫింగ్. కుర్చీలు లేవు. పాడైపోయిన చార్జర్ల అట్టపెట్టె మీద కూర్చుని ఉన్నాడు ఏజెంట్ చిటపట. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతని కోపం చూసి ఈ పేరు ఖాయం చేశారు.

"విదేశీ ముఠా ఒకటి కూపన్ యాప్ వదిలింది" చీఫ్ చెప్పుకుపోయాడు. "డిస్కౌంట్ అనేసరికి జనం ఎగబడి వేసుకున్నారు. లొకేషన్ అడిగింది, ఇచ్చారు. మెసేజ్‌లు అడిగింది, ఇచ్చారు. ఇప్పుడు ఎవరు ఏం కొంటున్నారో, ఏ గుమ్మానికి తెప్పించుకుంటున్నారో మొత్తం వాళ్ళ సర్వర్‌లో పడుతోంది. పేరుతో పనిలేదు. అలవాటు చెబితే అడ్రస్ చూపిస్తుంది."

"తర్వాత ఎవరు?"

చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. పాలపొడి డబ్బా.

చిటపట డబ్బాని గుర్తుపట్టాడు. అతని చెల్లెలు ఆ ముఠా నాయకుడి ఆఫీసులో పనిచేసింది. చూడకూడనివి చూసింది, సాక్ష్యం చెబుతానంది. ఏడాదిగా చంటిపాపతో ఎక్కడో దాక్కుని ఉంది. ఎక్కడో అన్నకి కూడా తెలియదు. పాపకి మామూలు పాలు పడవు, ఈ రకం ఒక్కటే పడుతుంది. ఇది కొనేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"డబ్బా ఇవాళ్టితో అడుగంటుతుంది. ఆమె ఆర్డర్ పెట్టిన మరుక్షణం అడ్రస్ వాళ్ళ చేతిలో ఉంటుంది. మీ చెల్లెలు ఆ కూపన్ యాప్ వేసుకుని ఉంటుందా?"

"కూపన్ అంటే అది వదలదు సార్" అన్నాడు చిటపట పళ్ళు కొరుకుతూ. "అడ్రస్ చెప్పండి. నేనే పాలడబ్బాలు ఇచ్చొస్తాను."

"తెలిసినవాడు ఒక్కడే ఆఫీసర్, ఇన్నాళ్ళూ డబ్బాలు ఇచ్చొచ్చినవాడు. ఆయన విమానంలో ఉన్నాడు, ఫోన్ స్విచాఫ్."

"పాలపొడి కంపెనీవాళ్ళకి చెప్పి ఆర్డర్లు ఆపించండి!"

"చెప్పాం. మన కంప్లైంట్ వాళ్ళకి చాలా ముఖ్యమట. మూడు పనిదినాల్లో చూస్తారట."

"అయితే రెయిడ్ చేద్దాం!"

"తలుపు తట్టగానే మొత్తం ఇంకో దేశానికి కాపీ అయిపోతుంది. అందుకే ఇది" అని చీఫ్ పక్కకి చూపించాడు. గ్యాడ్జెట్లు తయారుచేసే రిపేరు బాబాయ్ బరువైన పెట్టె ఒకటి ఈడ్చుకొచ్చాడు.

"యూపీఎస్. వాళ్ళదే, వాళ్ళు డబ్బుపెట్టి కొన్నదే. పాతదాని మీద మెరుపు జ్యూస్ ఒలకబోసింది" అన్నాడు బాబాయ్. మెరుపు అంటే ఆ యాప్‌లో లైవ్ పెట్టి లిప్‌స్టిక్‌లు అమ్మే అందగత్తె. ముఠాకి పైకి కనిపించే ముసుగు ఆమె స్టూడియోయే. "లైవ్‌లో 'నెమలి రంగు స్టాక్ అయిపోయింది' అంది. పని అయిందని మన కోడ్. ప్రపంచాన్ని ముంచేవాళ్ళకి కూడా బజారుకెళ్ళడానికి బద్ధకం. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టారు. దారిలో పట్టుకుని లోపల నా సామాను పెట్టాను. ప్లగ్ పెట్టాక నీ డెలివరీ యాప్‌లో ఓటీపీ కొట్టి 'డెలివరీ పూర్తి' నొక్కు. సర్వర్ తుడిచిపెట్టుకుపోతుంది. ఓటీపీ పడేదాకా నా సామాను నిద్రపోతుంది, వాళ్ళ స్కానర్‌కి దొరకదు."

"మెరుపు మనవైపేనా సార్?"

"మనవైపే అనుకుంటున్నాం."

"అనుకుంటున్నామా?"

చీఫ్ గడియారం చూసుకున్నాడు.

బిల్డింగ్‌లో లిఫ్ట్ పనిచెయ్యడం లేదు. ఇద్దరు మెకానిక్‌లు దాని ముందు తాపీగా కూర్చుని స్క్రూలు విప్పుతున్నారు. ముఠా ఉన్నది ఏడో అంతస్తులో. డెలివరీ చొక్కా, హెల్మెట్, బండరాయిలాంటి పెట్టె. నాలుగో అంతస్తుకే చిటపట మెకానిక్‌ల వంశం మొత్తాన్ని తిట్టేశాడు.

గార్డు గొలుసు తియ్యకుండా తలుపు సందులోంచి చూశాడు.

"డెలివరీ సార్. ఓటీపీ చెప్పండి."

"అంటే?"

"కోడ్ సార్. ఫోన్‌కి వచ్చుంటుంది."

గార్డు ముఖం బిగుసుకుంది. "కోడ్ ఎవరికీ చెప్పం."

అతనిది గట్టి ట్రైనింగ్. ఏ దేశంలోనో మంచుగడ్డల మీద నిలబెట్టి నేర్పారు, ప్రాణం పోయినా కోడ్ బయటపెట్టకూడదని. చిటపటకి కూడా సరిగ్గా అదే నేర్పారు. కాబట్టి అతని బాధ అర్థమైంది, అర్థమైనకొద్దీ ఒళ్ళు మండింది.

"గోళ్ళు పీకినా చెప్పను" అన్నాడు గార్డు.

"మీ గోళ్ళు నాకెందుకు సార్! నాలుగంకెలు చెప్పండి చాలు, నా బతుకేదో నేను బతుకుతాను!"

ఈ గోలకి ముఠా నాయకుడే వచ్చాడు. ఎండైనా వానైనా కోటు విప్పడు కనక డిపార్ట్‌మెంట్ ఫైళ్ళలో అతని పేరు కోటు. విదేశీయుడే గానీ మన భాష మనకన్నా శుభ్రంగా మాట్లాడతాడు. అంకెల మీద బొటనవేలు అడ్డంపెట్టి ఫోన్ చిటపట ముఖం మీద పెట్టాడు. "చదువుకో. 'ఈ ఓటీపీని ఎవరితోనూ పంచుకోవద్దు.' ఎవరితోనూ అంటే నీతో కూడా."

"డెలివరీవాళ్ళకి చెప్పొచ్చు సార్."

"అని ఎక్కడ రాసుంది?"

ఎక్కడా రాసి లేదు. మెసేజ్ రాసిన మహానుభావుణ్ణి తలుచుకుని చిటపట కళ్ళు మూసుకున్నాడు. ఎక్కడో ఒక వంటింట్లో చెల్లెలు డబ్బా అడుగు చెంచాతో గీరుతూ ఉంటుంది. ఇంకో చేత్తో ఫోన్ తీస్తూ ఉంటుంది.

"పోనీ సార్, ముందు ప్లగ్ పెట్టి చూసుకోండి. నచ్చాకే చెబుదురుగాని. నేను ఇక్కడే నుంచుంటాను, తొందరేం లేదు."

కోటు కళ్ళు చిన్నవయ్యాయి. "ఇంత ఓపికున్న డెలివరీవాణ్ణి నేనెప్పుడూ చూడలేదే."

గార్డు చెయ్యి నడుము దగ్గరికి పోయింది. అప్పుడే లోపల్నుంచి మెరుపు వచ్చింది. మెరిసే గౌను, చేతిలో ఫోన్. చిటపటని ఎగాదిగా చూసి, "వీడు డెలివరీవాడు కాదు" అంది.

మనవైపే అనుకుంటున్నాం అన్న చీఫ్ గొంతు చిటపట చెవిలో మోగింది.

"అంటే, ఇంకా కాలేదు. ఈ ఉద్యోగానికి కొత్తలా ఉన్నాడు" అంది మెరుపు విసుగ్గా. "పాతవాడైతే ఇంతసేపు మీతో వాదిస్తాడా? 'కస్టమర్ అందుబాటులో లేరు' అని నొక్కేసి ఎప్పుడో పోయేవాడు. త్వరగా తేల్చండి, నా లైవ్ పాడవుతోంది." వెళ్తూ వెళ్తూ చిటపట వైపు ఒక్క చూపు విసిరింది.

ఆ ముక్క తనకి ఎందుకు తట్టలేదు! బుర్రా అది, గుమ్మడికాయా? చిటపట ఫోన్ తీసి వాళ్ళ ముందే నొక్కాడు. పెట్టె భుజానికెత్తుకుని, మళ్ళీ తిరిగి చూడకుండా మెట్లు దిగాడు.

ఒక అంతస్తు దిగాడో లేదో పైన ఫోన్ టింగుమంది. వెనకే గావుకేక.

"అందుబాటులో లేనా! నేనిక్కడే చచ్చాను కదరా!"

ఎన్నో దేశాల పోలీసులు తరిమినా పరిగెత్తని మనిషి, కోటు ఎగురుతుండగా, చెప్పులు కూడా లేకుండా మెట్ల మీద పరిగెత్తుకొచ్చాడు. "ఏమయ్యా! ఇంట్లోనే ఉన్నాను! నువ్వు నన్ను చూశావు!"

"సిస్టమ్‌లో లేరని పడింది సార్. మళ్ళీ ట్రై చేస్తారు, మూడు రోజుల్లో."

"మూడు రోజులా! ఈలోగా కరెంటు పోతే నా సర్వ..." కోటు నాలుక కరుచుకున్నాడు. "నా లైవ్ ఏమైపోవాలి? బాబ్బాబు, పైకి రా. పనిచేస్తోందో లేదో చూసి కోడ్ చెబుతాను."

"నాకు ఇంకా చాలా డెలివరీలున్నాయి సార్" అన్నాడు చిటపట. అనడం ఆనందంగానే ఉంది గానీ కాళ్ళు అప్పటికే పైకి ఎక్కుతున్నాయి.

గార్డు పెట్టె విప్పి లోపలి గదిలో ప్లగ్ పెట్టాడు. పచ్చదీపం వెలిగింది. చిటపట గుమ్మంలో ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. "సార్, ఓటీపీ."

"బాస్!" లోపలి గదిలోంచి ఆపరేటర్ అరిచాడు. "వచ్చింది! పాలడబ్బా ఆర్డర్ వచ్చింది! ఆ మనిషే, సందేహం లేదు. అడ్రస్ లోడవుతోంది!"

కోటు గిరుక్కున తిరిగాడు.

"సార్, ఓటీపీ!"

"రండి బాస్, చూడండి, ఊరు పేరు వచ్చేసింది..."

"సార్!! ఓటీపీ చెప్పకపోతే మళ్ళీ లేరని కొడతాను!"

"అబ్బ, నీ గోల! ఏడు, సున్నా, మూడు, మూడు! ఫో!"

చిటపట టకటకా కొట్టాడు. అంకెలు పడ్డాయి. 'డెలివరీ పూర్తి' నొక్కబోయాడు. బటన్ మీద ఒక రంగుల పెట్టె వచ్చి కూర్చుంది. *ఈ కస్టమర్‌తో మీ అనుభవం ఎలా ఉంది?*

ఇదెక్కడి శని! మూసెయ్యడానికి గుర్తు లేదు. మనస్ఫూర్తిగా ఒక్క నక్షత్రం కొట్టాడు. *కారణం వివరించండి* అంది. లోపల ఆపరేటర్ వీధి పేరు గట్టిగా చదువుతున్నాడు. "ఇంటి నంబర్ వస్తోంది, రాసుకోండి" అంటున్నాడు. చిటపట తన చెల్లెల్ని చంపబోతున్నవాడికి అయిదు నక్షత్రాలు కొట్టాడు. *ధన్యవాదాలు!* అని పెట్టె తప్పుకుంది. నొక్కాడు.

లోపల స్క్రీన్లన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. కూపన్‌తో పెట్టిన పాలడబ్బా ఆర్డర్ కూడా వాటితోపాటే మాయమైంది.

కోటు నోరు తెరిచాడు. గార్డు పిస్టల్ తీశాడు. మెరుపు లైవ్ లైటు స్టాండు ఎత్తి అతని మణికట్టు మీద ఒక్కటిచ్చింది. మెట్ల మీద బూట్ల చప్పుడు. లిఫ్ట్ మెకానిక్‌లిద్దరూ తుపాకులతో లోపలికి దూసుకొచ్చారు.

"లిఫ్ట్ ఆపింది మీరా!" అని అరిచాడు చిటపట. ఇవాళ్టి కోపమంతా ఆ ఒక్క మాటలోకి వచ్చేసింది. "ఏడంతస్తులు! బండరాయంత పెట్టెతో! మనవాళ్ళే!"

"వాళ్ళు పారిపోకుండా ఆపాం సార్" అన్నాడు ఒక మెకానిక్ కోటుకి బేడీలు వేస్తూ.

వీధి పేరు తెలిసిన ఆపరేటర్‌ని ఎవరితోనూ మాట్లాడనివ్వకుండా తీసుకుపోయారు. ఆఫీసర్ విమానం దిగగానే చెల్లెల్ని ఇంకో ఊరికి మార్చారు. ఏ ఊరికో చిటపటకి చెప్పలేదు, అతను అడగలేదు.

కొన్నాళ్ళకి రిపేరు షాపు వెనక గదిలో చీఫ్ తన ఫోన్ అతని చేతిలో పెట్టాడు. "పాలపొడికి ఎవరో రివ్యూ రాశారు. పేరు లేదు. మన కుర్రాళ్ళ కంటపడింది."

చిటపట చదివాడు. 'ఒక్క నక్షత్రం కూడా ఎక్కువే. నా ఆర్డర్ మధ్యలో మాయం చేశారు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే పాట వేశారు. చంటిది ఆకలికి ఏడుస్తుంటే పాటలు వినాలా, మీ మొహాలు మండ! రెండోసారి పంపిన డబ్బాకి మూత సొట్ట. ఆ మొద్దుగాడెవడో ఆర్డర్ చెడగొట్టినవాడు నాకు దొరకాలి. మా అన్న ఇక్కడ ఉంటేనా, మీ ఆఫీసుకొచ్చి ఒక్కొక్కడి తాట తీసేవాడు.'

మళ్ళీ చదివాడు. చెల్లెలు తిట్టి ఏడాది దాటింది. పాప పాలు తాగింది. చెల్లెలు బాగానే ఉంది.

"ఎవరో తెలుసా?" అన్నాడు చీఫ్, తనకేమీ తెలియనట్టు.

"ఎవరో ఏమో సార్" అన్నాడు చిటపట ముక్కు తుడుచుకుంటూ. "కంపెనీవాళ్ళు ఏమని జవాబిచ్చారు?"

"'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం' అన్నారు."

"అంతేనా? అయితే ఆవిడ ఊరుకోదు సార్, రేపు ఇంతకన్నా పెద్దది రాస్తుంది." చిటపట ఫోన్ తిరిగి ఇస్తూ మొదటిసారి నవ్వాడు. "కంపెనీవాళ్ళకి చెప్పండి, దయచేసి సేవలు మెరుగుపరచొద్దని."