పిక్క కొలత

ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపే తల్లి, కొడుకు కూర్చున్న కుర్చీ ముందు చతికిలబడి, మెడలోని టేపు తీసి అతని పిక్క చుట్టూ చుట్టింది.

"పదిహేనుంబావు! ఏమండీ, విన్నారా? పోయిన నెల కంటే పావంగుళం ఎక్కువ!"

బస్సు డ్రైవరైన భర్త టీ గ్లాసుతో వంటింట్లోంచి వచ్చాడు. "వింటున్నా. ఆటో వచ్చేస్తుంది, ముందు వాణ్ని తయారవనీ."

ఇరవై ఏళ్ల కొడుకుది కండరాలు కరిగిపోయే జబ్బు, మస్క్యులర్ డిస్ట్రఫీ. ఆరు నెలల కిందట ఒక క్లినిక్‌లో మూలకణాల ఇంజెక్షన్లు వేయించారు. కొత్త కండ పుడుతుందని, అనుమానముంటే పిక్కలు కొలుచుకోమని అక్కడివాళ్లు చెప్పారు. పాతికేళ్లుగా వీధి వీధంతటికీ బట్టలు కుడుతున్న మనిషికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఈ రోజు రెండో విడత.

"నేను రాను," అన్నాడు కొడుకు.

"ఏంట్రా?"

"రానమ్మా. ఇంక సూదులొద్దు."

"టైలరు కొడుకువై ఉండి సూదికి భయమా!" అని నవ్వబోయింది. అతను నవ్వలేదు. ఆమె లేచింది, మళ్లీ కూర్చుంది, టేపు చుట్టింది, విప్పింది. "పెరుగుతోంది కదరా! టేపు అబద్ధమాడుతుందా?"

"టేపు ఆడదు. కానీ అది కండ కాదు, కొవ్వు. ఈ జబ్బులో పిక్కలు అలాగే ఉబ్బుతాయని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. ఈ ఇంజెక్షన్లతో జబ్బు తగ్గుతుందని ఇంకా ఎక్కడా తేలలేదట."

"ఆయన చూసేది పది నిమిషాలు. నేను రోజూ చూస్తున్నా!"

"నా ప్యాంట్లకి తొడల దగ్గర ఎన్నిసార్లు కుట్టు లోపలికి వేశావమ్మా?"

ఆమె మనసులో లెక్కేసుకుంది. రెండుసార్లు. గుడ్డ సాగిందనుకుంది. తను ఏరి తెచ్చిన గుడ్డ, సాగే రకమే కాదు. పరాయివాళ్ల ప్యాంటైతే, మనిషి చిక్కిపోయాడని చూడగానే చెప్పేది.

"ఎప్పుడు చెప్పాడా డాక్టరు?"

"నాలుగు నెలలైంది."

"నాలుగు నెలలా! నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నావా?"

"కొలిచినప్పుడల్లా చిన్నపిల్లలా గంతులేసేదానివి. ఎలా చెప్పను?"

బయట ఆటో హారన్ మోగింది. భర్త ఆమె వైపు చూశాడు. ఆమె వాకిటి దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, గోడకి ఆనుకుంది.

"పంపించెయ్యండి," అంది. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆటో వెళ్లిన చప్పుడయ్యాక కళ్లు తుడుచుకుంది. "ఇంకేం దాచావు? ఇప్పుడే చెప్పు."

"చేతులు తల దాకా లేవట్లేదు. పది రోజుల్నించి జుట్టు దువ్వుకోలేకపోతున్నా."

"నా మతి మండా! బద్ధకమనుకుని రోజూ తిట్టిపోశాను కదరా!"

దువ్వెన తెచ్చి అతని వెనక నిలబడింది.

"పాపిడి ఎటు తియ్యను?"

"ఎటైనా సరే. మెల్లగా లాగమ్మా, ఆ వెంట్రుకలైనా మిగలనీ."

ఆమె ఫక్కున నవ్వింది. మళ్లీ కన్నీళ్లొచ్చాయి. చిక్కులు ఒక్కొక్కటే విడదీస్తూ, ఈసారి కళ్లు తుడుచుకోలేదు.