మలుపులో కాలు

పొద్దున్న ఆరున్నరకి సింగపూరులో, బుకిట్ పంజాంగ్‌లోని ఆ పద్నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ముగ్గురు కలిసి ఒక మనిషిని పక్కకి తిప్పుతారు. కాఫీల కన్నా ముందు, స్నానాల కన్నా ముందు ఆ ఇంట్లో జరిగే మొదటి పని అదే. రెండు గంటలకోసారి ఒత్తిగిలించకపోతే వీపు పుండు పడుతుందని ఆస్పత్రి నర్సు ఒకటికి నాలుగుసార్లు చెప్పి పంపింది. భుజాల దగ్గర తల్లి అరుంధతి, నడుము దగ్గర భార్య నందిత, కాళ్ళ దగ్గర నందిత తండ్రి జనార్దనరావు నిలబడతారు. అరుంధతి "ఒకటి, రెండు" అంటుంది. మూడు అనేలోపే తిప్పేస్తారు.

మంచం మీదున్న అభిరామ్‌కి ముప్ఫై ఏడేళ్ళు. ఐదు నెలల క్రితం ఇదే హాల్లోంచి ఒక చేత్తో ఇడ్లీ, ఇంకో చేత్తో ఫోనూ పట్టుకుని తంజోంగ్ పగార్‌లోని ఆఫీసుకి పరుగులు పెట్టిన మనిషి. ఇప్పుడు కళ్ళు తెరిచే ఉంటాయి గాని చూస్తున్నాడని ఎవరూ చెప్పలేరు. తిండి గొట్టంలోంచి వెళ్తుంది. దెబ్బ మెదడుకి తగిలింది కాబట్టి ఇంతకు మించి ఆశ పెట్టుకోవద్దని పెద్ద డాక్టరు మర్యాదగా, మెల్లగా, రెండుసార్లు చెప్పాడు.

పెళ్ళిరోజుకని మొగుడూ పెళ్ళాలు పడవెక్కి ఇండోనేషియాలోని బింతాన్ దీవికి వెళ్ళారు. గంట ప్రయాణం, రెండు రోజుల సరదా. హోటలు గేటు పక్కనే ఒకడు చిన్న మోపెడ్లు అద్దెకిస్తున్నాడు. అభిరామ్‌కి కారు తప్ప బండి నడపడం రాదు, మనకెందుకులే అన్నాడు. నందిత పర్సులో కాకినాడలో తీసుకున్న లైసెన్సు ఉంది. బండివాడు దాన్ని చూడను కూడా చూడకుండా రెండు హెల్మెట్లు చేతిలో పెట్టాడు. అందులో ఒకదానికి గడ్డం కింద పట్టీ బిగవదు. బిగిసేది పెళ్ళానికి పెట్టి, బిగవనిది అభిరామ్ పెట్టుకున్నాడు. సముద్రం పక్క మలుపులో కంకర మీద బండి పడింది. నందిత మోచేతికి ఏడు కుట్లు పడ్డాయి. వెనక కూర్చున్నవాడి హెల్మెట్ ఒకచోట దొరికింది, మనిషి ఇంకోచోట దొరికాడు. తర్వాత ఇన్సూరెన్సువాళ్ళు కాగితాలు తిరగేసి ఆ లైసెన్సు అక్కడ చెల్లదని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది వేరే బాధ.

ఇంత జరిగినా నందిత ఒక్కసారి కూడా ఏడవలేదు. ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తుంది, గొట్టంలో పాలు పోస్తుంది, మొగుడి గోళ్ళు తీస్తుంది, అత్తగారు ఏమన్నా "సరే అత్తయ్యా" అంటుంది. తిట్టినా అదే మాట. కూతురి పొడిబారిన కళ్ళు చూసినప్పుడల్లా జనార్దనరావు కంచం పక్కకి జరిపి లేచిపోతాడు. ఆయన కాకినాడ నుంచి వచ్చి ఐదు నెలలయింది. మూడేళ్ళ క్రితం భార్య పోయాక ఆయనకి మిగిలింది ఈ ఒక్క పిల్లే.

ఆ బుధవారం ఉప్మా తింటూ అరుంధతి, తలెత్తకుండానే, శుక్రవారానికి టిక్కెట్లయ్యాయని చెప్పింది. విజయవాడలో ఉన్న పెద్దకొడుకు ఆకాష్ అంతా మాట్లాడాడట. విమానంలో పడుకోబెట్టి తీసుకెళ్ళే ఏర్పాటు కూడా చేశారట. అక్కడైతే సొంత మనుషులుంటారు, నా కొడుకుని నేను చూసుకుంటాను అంది.

"నువ్వు రానక్కర్లేదు నందితా. నీ ఉద్యోగం నువ్వు చూసుకో."

"సరే అత్తయ్యా," అంది నందిత, మంచినీళ్ళు కావాలా అని అడిగినంత మామూలుగా.

జనార్దనరావు చెంచా పళ్ళెంలో పెట్టేశాడు. శుక్రవారం అంటే ఎల్లుండి. ఈ పిల్ల బతుకంతా ఆ మంచం చుట్టూనే తిరుగుతోంది, ఆ మంచం కూడా లేకపోతే ఈ నాలుగు గోడల మధ్య ఏమైపోతుంది? అడ్డు చెప్పమ్మా అని అరవాలనిపించింది. అరవడానికి నోరుండాలి కదా. ఆయన చెప్పులేసుకుని కిందికి దిగిపోయాడు.

బ్లాకు కింద, తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో, కోపి అని పిలిచే ఇక్కడి కాఫీ కాచే చైనా ఆంటీ ఆయన్ని చూడగానే, "అంకుల్, టుడే వెరీ లేట్ లా," అని నవ్వింది. ఆయన నవ్వలేదు. పైన వంతెన మీద ఎల్ఆర్‌టి అనే చిన్న రైలు వెళ్ళింది. ఇళ్ళ పక్కకి రాగానే ఆ రైలు అద్దాలు వాటంతటవే మసకబారతాయి, లోపలివాళ్ళకి ఎవరి ఇల్లూ కనపడకుండా. వచ్చిన కొత్తలో ఆయనకి అది భలే ముచ్చటగా ఉండేది. ఇప్పుడు తన బతుక్కి కూడా అలాంటి అద్దమేదో బిగించుకుని తిరుగుతున్నట్టుంది.

జనార్దనరావు ముప్ఫై రెండేళ్ళు బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా చేశాడు. లైసెన్సు కావాలంటే ఆయన ముందు మైదానంలో ముగ్గుతో గీసిన ఎనిమిది అంకె మీద, కాలు నేలకి ఆనకుండా బండి నడపాలి. కాలు పెట్టారో, "ఫెయిల్. నెలాగి రా" అనేవాడు. ఎమ్మెల్యే తమ్ముడికీ అదే మాట, పాలవాడికీ అదే మాట. చెయ్యి చాచని మనిషని జిల్లా అంతా పేరు. ఆ పేరు నిజమే. ఆ పేరు తలుచుకుని రోజుకి పదిసార్లు మురిసిపోయే రకం, అదీ నిజమే.

కంచే చేను మేసింది ఒక్కసారే. పదహారేళ్ళ క్రితం, సొంత కూతురి దగ్గర. తన పిల్లకి తనే టెస్టు పెట్టకూడదని కిందిస్థాయి ఇన్‌స్పెక్టరు అప్పయ్యకి అప్పజెప్పి, దూరంగా చెట్టు కింద కుర్చీలో కూర్చున్నాడు. నందిత మలుపులో రెండుసార్లు కాలు పెట్టింది, మూడోసారి పడిపోయింది. అప్పయ్య పరుగున వచ్చి చెవిలో చెప్పాడు: "అమ్మాయిగారు మలుపు రాగానే భయపడి కాలు పెట్టేస్తున్నారండి. కాలు పెడుతూనే చేత్తో యాక్సిలరేటర్ తిప్పేస్తున్నారు. అది ప్రమాదమండి. నెలాగి రమ్మందాం." ఆ మాట తనదే, అప్పయ్యకి నేర్పింది తనే. కాని బ్రేక్ ఇన్‌స్పెక్టరు కూతురు ఎనిమిది వేయలేకపోయిందని రేపు ఆఫీసంతా చెప్పుకోదూ? అప్పయ్య చేత పాసని రాయించాడు. ఎండకి కళ్ళు తిరిగి పడ్డావు గాని మొదటి రెండు చుట్లూ బ్రహ్మాండంగా వేశావని కూతురికి చెప్పాడు. ఆ పిల్ల ఎగిరి గంతేసి నమ్మింది. నాన్న మాట కదా. తర్వాత కాలేజీ బస్సు, హాస్టలు, పెళ్ళి, సింగపూరు రైళ్ళు. బండి ముట్టుకునే అవసరమే రాలేదు, ఆ అబద్ధానికి పరీక్షా రాలేదు.

బింతాన్ నుంచి వీడియోలో నందిత ఫోన్ చేసింది. చాలా ఏళ్ళయింది నాన్నా, నడపనా అని అడిగింది. ఆయన పెద్ద ఇన్‌స్పెక్టరులా బ్రేకులు నొక్కి చూపించమన్నాడు, లైటు వేయమన్నాడు, టైర్లు చూపించమన్నాడు. అన్నీ బాగున్నాయన్నాడు. "ఎనిమిది వేసినదానివి, నీకు భయమేంటే," అని నవ్వాడు. ఆస్పత్రి వరండాలో ఆ పిల్ల చేతికి కట్టుతో, "మలుపులో భయమేసి కాలు పెట్టేశాను నాన్నా, బండి ముందుకి ఎగిరిపోయింది," అన్నప్పుడు ఆయనకి అప్పయ్య గొంతు వినిపించింది. ఐదు నెలలుగా అదే వినిపిస్తోంది. చెబితే ఉన్న ఒక్క కూతురూ మొహం చూడదేమోనని భయం. చెప్పకపోతే, చేయని తప్పుకి ఆ పిల్ల ఎల్లుండి మొగుణ్ణి కూడా అప్పజెప్పేస్తుంది.

కోపి చల్లారిపోయింది. ఆయన ఒక్క గుక్క కూడా తాగకుండా లేచాడు.

పైకి వెళ్ళేసరికి హాల్లో పెట్టె తెరిచి ఉంది. నందిత మొగుడి చొక్కాలు మడత పెట్టి సర్దుతోంది. ఏ మందు ఎన్నింటికో, గొట్టం ఎలా కడగాలో కాగితం మీద బొమ్మలు వేసి మరీ రాసిపెట్టింది. అరుంధతికి అది చూసి ఒళ్ళు మండింది. కోడలు కాళ్ళావేళ్ళా పడుతుందనో, ఎదురు తిరుగుతుందనో ఆవిడ సిద్ధపడి ఉంది. ఇలా పెట్టె సర్ది చేతికిస్తుందనుకోలేదు.

"ఏం మనిషివి నువ్వు? మొగుణ్ణి తీసుకుపోతానంటే మందుల చీటీ రాసిస్తావా?"

"ఉంచుకుంటానని ఏ మొహం పెట్టుకుని అడగను అత్తయ్యా?"

"బండి నడపడం రానిదానివి ఎందుకెక్కావే? వాడు వద్దన్నాడు కదా."

నందిత చేతిలో చొక్కా అలాగే పట్టుకుని, "రాకపోతే ఎక్కేదాన్ని కాదు అత్తయ్యా," అంది. "పరీక్ష పాసయ్యాను. నాన్న కళ్ళముందే ఎనిమిది వేశాను. వచ్చిన బండినే పడేశాను. రాక పడేశానంటే ఒక అర్థముంది. వచ్చి కూడా ఆయన్నిలా చేశానంటే, నా దగ్గర ఆయన్ని ఎందుకుంచుతారు? తీసుకెళ్ళండి."

జనార్దనరావు గుమ్మంలోనే నిలబడి విన్నాడు. హాల్లోనే ఉన్న మంచం దగ్గరికి వచ్చాడు. దాని ఇనుప కడ్డీ పట్టుకున్నాడు.

"నువ్వు పాసవలేదమ్మా," అన్నాడు.

ఇద్దరూ తిరిగి చూశారు. ఆయన ఆగితే మళ్ళీ నోరు పెగలదని గబగబా చెప్పేశాడు. చెట్టు కింద కుర్చీ, అప్పయ్య మాట, పాసని రాయించిన కాగితం, ఏదీ దాచలేదు. నీ మంచికే అనుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను, అది నీ మంచికి కాదు, నా పరువుకి అన్నాడు.

నందిత ఆయన వైపే చూస్తూ అడిగింది.

"ఎన్నిసార్లు కాలు పెట్టాను?"

"రెండుసార్లు. మూడోసారి పడిపోయావు."

"ఎండకి కళ్ళు తిరిగాయన్నావు."

"అన్నాను."

"బింతాన్ నుంచి ఫోన్‌లో అడిగినప్పుడు?"

"అప్పుడూ తెలుసు తల్లీ. పదహారేళ్ళు పాసు పాసని నేనే చెప్పీ చెప్పీ, నేనే నమ్మేశాను."

అరుంధతి కుర్చీలో కూలబడింది. కొడుకు వైపు చూసింది. ఆవిడ గొంతు పైకి లేవలేదు, అదే ఆయన్ని ఎక్కువ కోసింది. "ఊళ్ళోవాళ్ళ పిల్లలందరినీ నెలాగి రమ్మన్నారు కదా అన్నయ్యగారూ. మీ అమ్మాయిని కూడా ఆ ఒక్కమాట అనుంటే, నా కొడుకు ఈపాటికి ఆఫీసులో ఉండేవాడు."

నందిత చొక్కా పెట్టెలో పెట్టలేదు, కింద పెట్టలేదు. "ఆ రోజే ఫెయిలని చెప్పుంటే ఏమయ్యేది నాన్నా?" అంది.

"ఏముందమ్మా. ఒక్కపూట ఏడ్చేదానివి."

"అంతేనా?"

"అంతే. మళ్ళీ నెలకి నేర్చుకునేదానివి."

ఆ పిల్ల లేచి ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. పద్దెనిమిదేళ్ళప్పుడు మైదానంలో దుమ్ము కొట్టుకున్న చుడీదారుతో వచ్చి ఏమైంది నాన్నా అని అడిగింది కూడా ఇలాగే.

"అయితే ఇప్పుడు చెప్పు. అప్పుడు చెప్పనిది ఇప్పుడు చెప్పు."

జనార్దనరావు మంచం కడ్డీ వదిలి నిటారుగా నిలబడ్డాడు. ముప్ఫై రెండేళ్ళలో కొన్ని వేలసార్లు అన్న మాట.

"చెప్పు నాన్నా."

"ఫెయిలయ్యావమ్మా," అన్నాడు. "నెలాగి రా."

నందిత అలాగే నేల మీద కూర్చుండిపోయింది. మొదట చప్పుడు లేదు, భుజాలు మాత్రం ఊగాయి. తర్వాత గుండె లోతుల్లోంచి ఒక ఏడుపు వచ్చింది. ఐదు నెలలది, పదహారేళ్ళది, అంతా కలిసి వచ్చింది. అరుంధతి ఒక్క నిమిషం చూసింది. ఆ తర్వాత తనూ కిందికి దిగి కోడలి తల ఒడిలోకి లాక్కుంది. తీసుకెళ్ళకండి అత్తయ్యా, ఆయన్ని తీసుకెళ్ళకండి అని ఆ పిల్ల చీర కొంగులోకే అంటోంది. అరుంధతి ఆ జుట్టు నిమురుతూ ఆకాష్‌కి ఫోన్ చేసి చెబుతానంది. ఎక్కడుంటే మాత్రం నా బిడ్డ లేచి కూర్చుంటాడటే అని ఆవిడా ఏడ్చింది.

జనార్దనరావు దగ్గరికి ఎవరూ రాలేదు. రావాలని ఆయనా అనుకోలేదు.

పదిన్నర అయింది. ఎవరి ఏడుపు ఎలా ఉన్నా వీపుకి ఆ లెక్క తెలీదు. ఇద్దరాడవాళ్ళూ కళ్ళు తుడుచుకుని లేచి తమ తమ చోట్ల నిలబడ్డారు. ఆయన గుమ్మం వైపు అడుగేశాడు.

"కాళ్ళ దగ్గరికి రా నాన్నా," అంది నందిత. మొహం చూడలేదు. "ఇద్దరం తిప్పలేం."

ఆయన వచ్చాడు. అరుంధతి "ఒకటి, రెండు" అంది. అభిరామ్ కిటికీ వైపు తిరిగాడు, కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆడవాళ్ళిద్దరూ దిండ్లు సర్దుతున్నారు. జనార్దనరావు మాత్రం పట్టుకున్న పాదాలు వదల్లేదు. ఎనిమిదేళ్ళ క్రితం పెళ్ళిపీటల మీద, భార్య చెంబుతో నీళ్ళు పోస్తుంటే, నా బిడ్డని నీ చేతుల్లో పెడుతున్నానని పళ్ళెంలో పెట్టి కడిగిన పాదాలవి. అప్పుడు చక్కిలిగింతలు పెట్టినట్టయి ఆ పిల్లాడు నవ్వు ఆపుకోలేక వేళ్ళు ముడుచుకున్నాడు. ఆయన నుదురు ఆ పాదాల మీద ఆనించి ఏడుస్తూ, వేళ్ళు ఒక్కసారి ముడుచుకుంటాయేమోనని చాలాసేపు ఎదురుచూశాడు. ముడుచుకోలేదు.