టాలిన్ నుంచి వెళ్ళని ఫైలు

పొద్దున్నే రేవులో తేలిన శవం తమ మనిషిదేనని గూఢచారి శాఖ ఛీఫ్ కల్యు ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"చచ్చేముందు కబురు పంపాడు. ఇవాళ మన సర్వర్‌లోంచి ఓ ఫైలు శత్రువుకి కాపీ అవుతోంది. అందులో సరిహద్దు అవతల మన గూఢచారిగా ఉన్న మీ తమ్ముడు తార్మో ఫొటో, దొంగపేరు, చిరునామా ఉన్నాయి. చేరిందంటే వాణ్ణి కాల్చేస్తారు."

ఏజెంట్ ఉర్మాస్ పళ్ళు నూరాడు. "పంపేదెవరు?"

"మీ మరదలు."

మెర్లే! తార్మో పెళ్ళాం! ఆరేళ్ళుగా తన పక్క బల్ల దగ్గరే కూర్చుని అందరికీ కాఫీ కలిపిచ్చే అందగత్తె! ఛీ, ఆ నవ్వు తగలెయ్యా!

"ఇప్పుడే పట్టుకుందాం."

"ఆ ఫైలు కొనేవాడెక్కడ దాక్కున్నాడో తెలీదు. వాణ్ణి లైన్లోకి రానీ. ఫైలు కదలాలి, చేరకూడదు."

లిఫ్టు మెకానిక్ వేషంలో, అతికించిన మీసంతో ఉర్మాస్ కేబుళ్ళ గదిలో దూరాడు. మెర్లే లైనుకి అగ్గిపెట్టెంత పెట్టె తగిలించాడు. శత్రువు కంప్యూటర్ నేనేనంటూ ఆ పెట్టె ఫైలుని మింగేస్తుంది. చిక్కల్లా ఒక్కటే. కాపీకి ముందు మెర్లే కంప్యూటర్, అవతలి యంత్రం గుర్తింపు అంకెలు చూపించి, నమ్మమంటావా అని అడుగుతుంది. కొనేవాడిచ్చిన అంకెలతో ఆవిడ పోల్చిచూసిందా, పెట్టె గుట్టు రట్టవుతుంది. ఫైలు ఇంకో దారిన పోతుంది. తార్మో చస్తాడు.

మెర్లే ఫోను మాటలు వినిపించే చెవిలోని రిసీవర్లో కొనేవాడి గొంతు: "అంకెలు సరిచూశావా?"

ఉర్మాస్ రిసీవర్ని చెవికి అదుముకున్నాడు.

"ఆఁ, చూశాలే," అంది మెర్లే. చూడనేలేదు. ఠక్కున 'అవును' కొట్టేసింది.

"పంపేశా. వంద శాతం."

"ఇక్కడికేం రాలేదే!"

"కళ్ళు తెరిచి చూడు!"

"రాలేదంటుంటే! ఎవడికి పంపావే?"

వాళ్ళ జగడం సాగుతుండగానే కల్యు మనుషులు ఫోను ఆనవాలు పట్టి, రేవు హోటల్లో వాడి తలుపు విరగ్గొట్టారు. ఇక్కడ ఉర్మాస్ మెర్లే బల్ల దగ్గరికొచ్చి మీసం పీకేశాడు. "నాకు పంపావు."

ఆవిడ మొహం పాలిపోయింది. అయినా పొగరు దిగలేదు. "మీరైతే ఆ అంకెలు చదివేవారా బావగారూ?"

"చదవను. ఈ ఆఫీసులో ఎవరూ చదవరు. ఆ ధైర్యంతోనే పెట్టె పెట్టాను."

"ఆరేళ్ళు! ఆరేళ్ళుగా ఆయన మీ దేశానికి మొగుడు, నాక్కాదు!"

"దానికి విడాకులున్నాయమ్మా," అన్నాడు ఉర్మాస్, బేడీలు బిగిస్తూ.