సద్ది కట్టిన బాక్టీరియా

1959, మే నెల. ఆళ్లగడ్డలో ఒక వేరుశనగ బుడ్డల నూనె మిల్లు వెనక గది. బయట బోర్డు గానుగది, లోపల పని సర్కారుది.

డాక్టర్ ఉమామహేశ్వరమ్మ టెస్ట్ ట్యూబ్ ఎత్తి చూపించింది.

"కేశవులూ, మనం తయారుచేసిన బాక్టీరియా ఇది. బెల్లం మడ్డి తాగి లైసిన్ చేస్తుంది. పిల్లల ఎదుగుదలకు కావాల్సిన అమైనో ఆసిడ్. జొన్నన్నంలో అది చాలదు. మనమే చేసుకుంటే ప్రతి బడికీ ఊరికే ఇవ్వొచ్చు. విదేశీ ముఠా చేతికి పోయిందా, బంగారం ధరకు కొనుక్కోవాల."

"దీని గుట్టేందమ్మా?"

"త్రియోనిన్ అనే ఇంకో అమైనో ఆసిడ్‌ను ఇది సొంతంగా చేసుకోలేదు. మనమే పెట్టాల. ఎంత ఎక్కువ పెడితే అంత లైసిన్. ఈ మాట మనిద్దరి మధ్యే. కాపలా నీది."

పైకి గానుగ చెక్క వ్యాపారి, లోపల సర్కారు రహస్య ఏజెంట్ అయిన చెన్నకేశవులు తలూపాడు. తలైతే ఊపాడు గానీ, నోరు ఊరుకుంటుందా? సాయంత్రానికల్లా రాజరత్నం చెవిన వేశాడు.

రాజరత్నం నాటకాల కంపెనీ హీరోయిన్. ఆ రంగు వెనక ఆమె కూడా డిపార్ట్‌మెంట్ ఏజెంటే. నాలుగేళ్లుగా అతని జోడీ. శ్రావణంలో పెళ్లి. కాబోయే పెళ్లాం దగ్గర దాపరికమేంటని అతని లెక్క. పిచ్చి మారాజు!

వారం తిరక్కముందే ట్యూబ్ మాయం. రాజరత్నమూ మాయం. ఆమెను ముఠా ఎత్తుకుపోయిందని చెన్నకేశవులు తల్లడిల్లిపోయాడు.

బనగానపల్లె తోటల్లోంచి కబురొచ్చింది: వెర్నర్ అనే దొర మామిడిపండ్ల వంకతో నంద్యాల స్టేషన్ పక్కన గది తీసుకున్నాడు. కోడ్ మాట కూడా అందింది. చెన్నకేశవులు తలగుడ్డ చుట్టి, పండ్ల గంప నెత్తిన పెట్టుకుని తలుపు కొట్టాడు. పోలీసులు సందులో ఆగారు.

"మాగినవా?" లోపలి నుంచి గొంతు.

"ముచ్చిక వాసన చూడు."

తలుపు తెరుచుకుంది. లోపల రాజరత్నం. కట్లు లేవు, కన్నీళ్లు లేవు. పట్టుచీర కట్టుకుని నవ్వుతాంది. గంప కిందున్న మొహం ఆమెకు కనబడలేదు. చెన్నకేశవులు గంపను ఇంకాస్త కిందికి దించుకున్నాడు.

"దూరం ప్రయాణం గదా దొరా, దీనికి సద్ది దండిగా కట్టినా. త్రియోనిన్ పొట్లమంతా ఫ్లాస్క్‌లో పోసినా," అంటాంది. ఆళ్లగడ్డ ఆడమనిషి మరి! ఊరెళ్లేది బాక్టీరియా అయినా సద్ది తక్కువ కట్టదు.

వెర్నర్ ఆ ఫ్లాస్క్ చుక్క పాకించిన కాగితం మీద, అమైనో ఆసిడ్ ఉన్నచోట రంగు తేల్చే నిన్‌హైడ్రిన్ మందు చల్లాడు. ఇస్త్రీ పెట్టెతో కాచాడు. త్రియోనిన్ మచ్చ ఊదారంగులో తేలింది. లైసిన్ రావాల్సిన చోట కాగితం తెల్లగానే ఉంది.

"దొంగ సరుకు!" వచ్చీరాని తెలుగులో అరిచాడు. ట్యూబునూ ఫ్లాస్కునూ ఫినాయిల్ బకెట్లో కుమ్మరించాడు. పిస్టల్ రాజరత్నం వైపు తిప్పాడు.

గంప ఎగిరి అతని మొహాన పడింది. గుండు పైకప్పులో దిగింది. పోలీసులు దూకారు. బయట గుంటూరు బండి కూత వేసింది, వెర్నర్ ఎక్కలేదు.

"నాకే అబద్ధం చెప్పినావా కేశవా?" బేడీలతో అడిగింది రాజరత్నం.

"నేను విన్నదే చెప్పినా రత్నం. ఎందుకు చేసినావ్ ఈ పని?"

"నాలుగేళ్లు నాటకమాడినా. నువ్వొక్కడివే నిజమనుకున్నావ్."

ఆ మాటకు అతనికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

మిల్లులో డాక్టరమ్మ ఐసుపెట్టె తెరిచి అదే బాక్టీరియా ఉన్న ఇంకో ట్యూబ్ చూపించింది.

"త్రియోనిన్ అరకొరగా పెడితేనే ఇది లైసిన్ చేస్తుంది. దండిగా పెడితే ఒళ్లు పెంచుకుని పని మానేస్తుంది."

"మరి నాకెందుకమ్మా తిరగేసి చెప్పినారు?"

"నిన్ను అనుమానించలేదు. నీ నోటిని అనుమానించినా. ఆ మాట యాడ తేలుతుందో చూడాలనుకున్నా."

"ఆమె సరే, మోసం చేసింది. మీరు గూడానా?"

డాక్టరమ్మ చూపు తిప్పుకుంది. క్యారియర్ ముందుకు జరిపింది. "పొద్దున్నుంచి ఏమీ తినలేదు నువ్వు. సంగటి ఉంది, కడుపునిండా తిను."

చెన్నకేశవులు కళ్లు తుడుచుకున్నాడు.

"కొంచెమే పెట్టండమ్మా. కడుపు నిండితే నేను గూడా పని మానేస్తానేమో!"