ఆరువందల పన్నెండు రివెట్లు

"పాపకి పన్ను వచ్చిందా, అల్లుడూ?" ఫోన్‌లో మామగారి గొంతు.

"ఇంకా రాలేదు, మామయ్యా."

"మూడింటికి బయల్దేరుతున్నారుగా. ఆలోగా రావాలి."

పానా ఫోన్ పెట్టేశాడు. షెడ్డులో అతన్ని పిలిచే పేరు అదే. అసలు పేరు బాస్ బీరువాలో భద్రంగా ఉంది. ఫోన్ చేసిన మామగారు ఆ బాసే. పాపా లేదు, పన్నూ లేదు. ఆ మాటకొస్తే పానాకి పెళ్ళే కాలేదు.

పన్ను అంటే ఒక మైక్రోచిప్. చిటికెనవేలి గోరంత ఉంటుంది. హెడ్‌క్వార్టర్స్ నుంచి దాన్నెవరో కాజేశారు. శత్రుదేశంలో మారుపేర్లతో పనిచేస్తున్న నలభైయొక్క మంది ఏజెంట్ల వివరాలు అందులో ఉన్నాయి. పందొమ్మిదో పేరు పానా తమ్ముడిది. చిప్ సరిహద్దు దాటిందంటే తమ్ముడు మళ్ళీ ఇంటికి రాడు.

ఈ పని అప్పగించిన రోజు బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది.

"ఒక పాత మిలిటరీ ట్రక్కుని బాగుచేసి, ఆర్మర్డ్ కారులా ముస్తాబు చేస్తున్నారు. విదేశంలో ఎగ్జిబిషన్‌కి వెళ్తుంది. చిప్ అందులోనే పోతోంది. ఎవరు పెట్టారో, ఎక్కడ పెట్టారో తెలియదు. మెకానిక్‌గా చేరు."

"బండినే ఆపేస్తే పోలేదా, సార్?"

"చిప్ దొరక్కముందే బండిని ఆపితే, దాన్ని కాజేసిన ముఠా జారుకుంటుంది. అది ఇంకో దారిన పోతుంది. దొరికాకే ఆపాలి."

చెప్పడానికేం, బాస్ ఏసీ గదిలో కూర్చుని ఎన్నయినా చెప్తాడు. ఇరవై మూడు రోజులుగా తుప్పు గీకి గీకి పానా వేళ్ళ మీద తోలు ఊడింది. సీట్లు విప్పాడు, టైర్లు విప్పాడు, పెట్రోలు ట్యాంకులోకి భుజం దాకా చెయ్యి పెట్టాడు. హెడ్‌క్వార్టర్స్ వాళ్ళు పెన్నులో ఇమిడే మెటల్ డిటెక్టర్ ఒకటి పంపారు. అది షెడ్డు గుమ్మంలోనే కుయ్యోమనడం మొదలుపెట్టింది. ఇనుప ట్రక్కుని వెతకడానికి ఇనుము కనిపెట్టే పెన్ను పంపిన మహానుభావుడెవరో గాని, ఎదురుపడితే కాళ్ళకి దండం పెడదామనుకున్నాడు పానా.

వీటన్నిటినీ మించిన బాధ పెద్దమేస్త్రి. షెడ్డులో అందరికీ ఆయన బాబాయ్. జేబులో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు. వంకలు పెట్టడమే ఆయనకి అన్నమూ నీళ్ళూను. ఆర్మర్డ్ కారంటే పేరుకే. పైనున్న కవచమంతా ప్లైవుడ్, దాని మీద పల్చటి రేకు. రేకు మీద రివెట్లలా కనబడేవి సగానికి కోసి, జిగురుతో అతికించిన చెక్క గోళీలు. మొత్తం ఆరువందల పన్నెండు. వెంట్రుకవాసి తేడా వచ్చినా బాబాయ్ ఊరుకోడు.

"ఏరా పానా, అసలు బండిలో ఇలాగే ఉందా? ఫోటో చూశావా?"

"చూశాను బాబాయ్."

"చూసే ఇలా అతికించావా? పీకు."

పీకడం, అతికించడం, మళ్ళీ పీకడం. ఇక చిప్ వెతికేదెప్పుడు? తమ్ముడి ప్రాణం తన చేతుల్లో ఉంటే, ఆ చేతులకి ఎప్పుడు చూసినా జిగురే. ఒక్కోసారి మేస్త్రి నెత్తిన సుత్తి వెయ్యాలన్నంత కోపం వచ్చేది. ఆ వెంటనే ఏడుపూ వచ్చేది.

మధ్యాహ్నం రంగు డ్రమ్ముల వెనక మేడమ్ కలిసింది. ఎగ్జిబిషన్ డిజైనర్. నల్ల కళ్ళద్దాలు, టర్పెంటైన్ వాసనని సైతం ఓడించే సెంటు. చిప్ బండిలో ఉందని బాస్‌కి ఉప్పందించింది ఆవిడే. ముఠాలో పనిచేస్తున్నదీ ఆవిడే.

"రంగు ఆరిందా?" అంది.

"రెండో పూత మిగిలింది," అని పానా కోడ్ పూర్తి చేశాడు. "ఎవరు పెట్టారు మేడమ్?"

"నాకు చెప్పలేదు. చెప్పినా మీకు చెప్తానని నమ్మకం పెట్టుకోకండి."

"అక్కడ నలభైయొక్క మంది ఉన్నారు."

"ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను, పానా గారూ," అని చీర కుచ్చిళ్ళు రంగుకి తగలకుండా ఎత్తిపట్టుకుని వెళ్ళిపోయింది.

మూడయింది. ట్రక్కుని ట్రెయిలర్ మీదికెక్కించి గొలుసులు బిగించారు. గేటు బయట ఒక వ్యానులో బాస్ మనుషులు కాచుకుని ఉన్నారు, దేనికోసమో వాళ్ళకే తెలియకుండా. పానా ట్రెయిలర్ పక్కన నిలబడ్డాడు. ఇక చేసేదేమీ లేదు. డ్రైవరు తలుపు కింద వరసలో ఒక రివెట్ కాస్త కిందికి జారి కనబడింది. అది తను అతికించింది కాదు. పోతూపోతూ ఈ ముసలాయనకి కూడా ఒక వంక పెడదామనిపించింది. ఒట్టి అక్కసు.

"బాబాయ్, ఆ తలుపు కింద రివెట్ జారింది చూశావా?"

మేస్త్రి అటు చూడనైనా చూడలేదు. "ఉండనీలేరా. అంత దూరం నుంచి ఎవడు చూస్తాడు?"

పానా తన చెవుల్ని తనే నమ్మలేకపోయాడు. ఇన్ని రోజుల్లో ఆ నోటి వెంట 'ఉండనీ' అన్న మాట రావడం ఇదే మొదలు.

ట్రెయిలర్ కదిలింది. పానా ఉలి అందుకుని ఎగిరి పైకెక్కాడు.

"దిగరా," అన్నాడు మేస్త్రి. ఆ గొంతు బాబాయ్‌ది కాదు.

గేటు దగ్గర మేడమ్ హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. చిన్న పిస్టల్ పానా గుండెకి గురిపెట్టింది. "వదిలేయండి, పానా గారూ."

ఉలి అప్పటికే రివెట్ కిందికి దూరింది. ఒక్క మెలి తిప్పాడు. చెక్క గోళీ టప్పున ఊడింది. వెనక మైనంలో గోరంత నల్లటి ముక్క. పానా దాన్ని పైకెత్తి చూపించాడు. వ్యాను తలుపులు తెరుచుకుని నలుగురు మనుషులు తుపాకులతో దిగారు. మేడమ్ వాళ్ళని చూసింది, క్షణం ఆలోచించింది. పిస్టల్ మెల్లగా మేస్త్రి వైపు తిరిగింది.

"మేస్త్రి గారూ, చేతులెత్తండి," అంది.

బేడీలు వేస్తుంటే మేస్త్రి పానా వంకే చూశాడు. "వంకరగా ఉందని నాకు తెలీదనుకున్నావా? సరిచేద్దామంటే చిప్ అడ్డొచ్చింది. వారం రోజులుగా కంటికి కునుకు లేదురా."

బాస్ వ్యానులోంచి దిగి చిప్ జేబులో వేసుకున్నాడు. మెచ్చుకోలు ఆయన డిక్షనరీలో లేదు. మడతపెట్టిన కాగితం ఒకటి అందించి, "పందొమ్మిదో నంబరు పొద్దున వైర్‌లెస్‌లో పంపాడు," అన్నాడు.

జిగురు చేతులతోనే పానా కాగితం విప్పాడు. కళ్ళు తడిసి అక్షరాలు ఆనలేదు. తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఇక్కడ అంతా మామూలే. అన్నయ్య నుంచి మూడు వారాలుగా ఒక్క ముక్క లేదు. అక్కడ కూర్చుని ఏం వెలగబెడుతున్నాడో కాస్త కనుక్కోండి."