వజ్రమ్మ చూసిన వెలుగు

కొడుకు పరమేశ్‌ను పొద్దున్నే మగ్గాల కార్ఖానాకు సాగనంపి, వజ్రమ్మ చీరలకు రాళ్లు అంటించే పనికి కూర్చుంది. వలస వచ్చి ఉంటున్న గోడాదరా బస్తీలో ఆ గల్లీ ఆడవాళ్లందరి పనీ అదే. ఈసారి సేఠ్ పంపినవన్నీ చిలకపచ్చ చీరలు. కోడలు సంగీత వంట ముగించి, ఫోన్ పట్టుకుని చెప్పులు వేసుకుంది.

"మళ్ల సమ్మక్క ఇంటికేనా?"

"జల్దిన వస్తా అత్తమ్మా. రాణి కథకు ఇంక కొన్ని అడగాలె."

సంగీత ఫోన్లో రాసే మాయాలోకపు సీరియల్‌లో రాణికి మనుషుల చుట్టూ వెలుగు కనిపిస్తుంది. అందుకని 'ఆరా' అనే ఆ వెలుగుల గురించి, పూనకాల గురించి దొరికిందల్లా చదువుతోంది. పక్కింటి సమ్మక్కకు దేవత ఒంటి మీదికొచ్చి శివమూగే అలవాటుంది. కళ్లు మూసుకుని ఎవరి వెలుగు ఏ రంగో చెబుతుందట. కొన్నాళ్లుగా సంగీత తీరిక సమయమంతా అక్కడే. అత్తతో మాత్రం కూరలో ఉప్పు దాటి మాట లేదు. గోడ అవతల కోడలి నవ్వు వినపడ్డప్పుడల్లా వజ్రమ్మ చేతిలో రాయి వంకరగా అంటుకునేది.

ఆ రోజు సంగీత తిరిగొచ్చి సున్నం గోడకు ఆనుకుని నిలబడింది. వజ్రమ్మ చీర మీంచి తలెత్తి ఉలిక్కిపడింది. కోడలి తల చుట్టూ ఎర్రటి వెలుగు!

భయం వేసింది. ఆ వెనకే, సమ్మక్క మీద గెలిచినట్టు కూడా అనిపించింది.

"ఏమే, నీ సుట్టు ఎర్రగ మండుతున్నట్టుంది! నాకు గూడ కనవడుతుంది. గిది కీడే. ఆ ఇంట్ల అడుగు వెట్టకు!"

"సమ్మక్క ఏం జేసింది అత్తమ్మా?"

"ఏం జేసిందా? నా కోడల్ని గుంజుకున్నది!"

సంగీత ముఖం పాలిపోయింది. అత్త పక్కన కూర్చుని చీర రెండో అంచుకు రాళ్లు అంటించసాగింది. చాలాసేపటికి వజ్రమ్మ నీళ్లకు లేచి గోడ దగ్గర నిలబడింది. సంగీత తలెత్తి అలాగే చూస్తూ ఉండిపోయింది.

"అత్తమ్మా, నీ సుట్టు గూడ ఎర్రగనే ఉంది."

వజ్రమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "నాకు గూడ కీడా?"

"కీడు గాదు. గింతసేపు పచ్చ చీర జూసి తెల్లగోడ దిక్కు జూస్తే కండ్లు గిట్లనే జేస్తయి. చదివిన గాని, నాకే యాదికి రాలే."

వజ్రమ్మ చతికిలబడింది. "అంటే నాకేం కనవడలే." కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇగ నా దగ్గర కూసోనికి నీకేమున్నది?"

సంగీత చేయి ఆగిపోయింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఈ మనిషిని మనసు విప్పి ఒక్క సంగతీ అడగలేదని అప్పుడు తట్టింది.

"మా రాణికి గూడ గిట్లనే అయ్యిందని రాస్తా అత్తమ్మా. మస్తు కుళ్లుకున్నదని."

"ఓసినీ! తర్వాత ఏం జేస్తదట?"

"నాకు తెల్వది. నువ్వే జెప్పు."

వజ్రమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, కాసేపు గట్టిగా ఆలోచించింది.

"ముందుగాల, ఆ రాణికి పక్కిల్లు లేకుంట రాయి."

సంగీత పకపకా నవ్వింది. ఆ నవ్వు ఈసారి గోడ దాటి సమ్మక్క ఇంట్లోకి వినిపించింది.