క్లిప్పుల మధ్య తడి

పిల్లలూ, ఈ కథ మీకు ఇంతవరకూ చెప్పలేదు. మనవాళ్లందరికీ ఇంత దూరంలో పెరుగుతున్నారు, మీ పిన్ని చిన్నప్పటి సంగతులు మీకు తెలిసే దారి లేదు. ఊరికే భయపెట్టడం ఎందుకని నేనూ ఊరుకున్నాను. కానీ మొన్న మీకు బహుమతిగా ఒక పెట్టె వచ్చింది. బ్యాటరీ, వైర్లు, చిన్న లైట్లు ఉన్న పెట్టె. మీరెంత ఏడ్చినా దాన్ని అటక మీద పెట్టేశాను. ఎందుకో చెప్పాలి కదా.

మీ పిన్ని ఆరో తరగతి చదువుతున్నప్పటి మాట. మా పెద్దమ్మ మా బళ్లోనే సైన్సు టీచరు. ల్యాబు నేల కింది గదిలో ఉండేది. కిటికీలు లేవు. గోడలు ఎప్పుడూ చెమ్మగిల్లి ఉండేవి.

ఆ ల్యాబు చూసుకోవడానికి ఒక ముసలాయన ఉండేవాడు. పాత బ్యాటరీలో ఇంకా పస ఉందో లేదో తెలుసుకోవడానికి ఆయనకు మీటరు అక్కర్లేదు. పలకల బ్యాటరీ నెత్తిన పక్కపక్కనే రెండు బొడిపెలు ఉంటాయి చూడండి, వాటిని నాలుకకు ఆనించేవాడు. చురుక్కుమంటే "బతికుంది" అని సొరుగులో పడేసేవాడు. ఉమ్మి తుడిచేవాడు కాదు. సొరుగు తెరిస్తే పాచినోటి వాసన గుప్పుమనేది. మేమంతా ఆయన్ను నాకుడు తాత అనేవాళ్లం. చివరికి నాలుక మీద పుండు లేచింది. మాట పడిపోయింది. వేసవి సెలవుల్లో పోయాడు.

వానలు మొదలయ్యాక సైన్సు ప్రదర్శన వచ్చింది. అందులో మీ పిన్ని ఒక బోర్డు పెడుతోంది. అది పనిచేస్తే గానీ ఇంటికి రానని ముందురోజు సాయంత్రం ల్యాబులో భీష్మించుకుని కూర్చుంది. తోడుగా నేనూ, పెద్దమ్మా ఉన్నాం.

బోర్డు చాలా తేలిక. బ్యాటరీ నుంచి వైరు స్విచ్‌కి, అక్కణ్నుంచి కరెంటును అదుపులో ఉంచే రెసిస్టర్‌కి, తర్వాత చిన్న ఎర్ర ఎల్‌ఈడీకి. అక్కడ దారి తెగిపోతుంది. తెగిన రెండు కొసలకూ మొసలి నోరులా కరిచిపట్టే రెండు పళ్ల క్లిప్పులు. వాటి మధ్య తాళంచెవి పెడితే దారి కలుస్తుంది, లైటు వెలుగుతుంది. రబ్బరు పెడితే వెలగదు. తడిగుడ్డ పెడితే మసకమసకగా వెలుగుతుంది. ఏమీ పెట్టకపోతే వెలగనే వెలగదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

బోర్డులో ఉన్న బ్యాటరీ అయిపోయింది.

"ఆ సొరుగులో చూడండే. నేను పైకెళ్లి అట్టలు తెస్తాను," అని పెద్దమ్మ మెట్లెక్కింది.

సొరుగు లాగాను. బ్యాటరీలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఒకదాన్ని పీకితే పసుపుపచ్చగా జిగురు తీగలా సాగింది. అందులో పొలుసుల్లాంటివేవో తేలుతున్నాయి. ఆయన పోయి నెలలయింది. అది ఇంకా ఆరలేదు.

"ఛీ! నువ్వే తుడువక్కా. నేను ముట్టుకోను."

"బోర్డు నీదా, నాదా?"

"బోర్డు నాదే. ఉమ్మి నాది కాదుగా!"

నవ్వొచ్చింది. నల్లబోర్డు తుడిచే గుడ్డతో ఆ బ్యాటరీని తుడిచాను. గుడ్డ అక్కడే పారేశాను. బ్యాటరీ బిగించి స్విచ్ వేశాను. క్లిప్పుల మధ్య ఏమీ లేదు కాబట్టి లైటు వెలగలేదు. అంతా సరిగ్గానే ఉంది.

అప్పుడే గదిలో కరెంటు పోయింది.

కళ్లు పొడుచుకున్నా కనిపించని చీకటి. ఎక్కడో నీటి బొట్లు పడుతున్న చప్పుడు. ఆ చీకట్లో... ఎల్‌ఈడీ వెలిగింది. మసగ్గా. ఎర్రగా.

"చెయ్యి తియ్యవే," అన్నాను.

"నా చేతులు ఒళ్లోనే ఉన్నాయక్కా..."

వెలుగు పెరిగింది. తగ్గింది. మళ్లీ పెరిగింది. దాంతో పాటే ఒక చప్పుడు... కుక్క గిన్నె నాకుతున్నట్టు. పాచివాసన ముక్కుకి కొట్టింది.

క్లిప్పులు దగ్గరగా జరిగాయేమో అనుకున్నాను. ఒకదాన్ని పట్టుకుని బల్ల ఈ చివరికి లాగాను. రెండోదాన్ని ఆ చివరికి. మధ్యలో మూరెడు ఎడం.

లైటు ఆరలేదు.

ఆ ఎడంలో చెయ్యి పెట్టాను. మెత్తగా తగిలింది. వెచ్చగా ఉంది. గరుకుగా ఉంది. నా వేళ్ల కింద... కదిలింది.

చెయ్యి లాక్కున్నాను. బ్యాటరీ పట్టుకుని పీకేశాను. లైటు ఆరింది. నాకుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు. బల్ల మీంచి మావైపు జరిగింది.

"అక్కా..."

"ఊఁ?"

"నోరు తెరవమంటున్నాడే..."

తడుముకుంటూ మీ పిన్ని మొహం పట్టుకుని రెండు చేతులతో నోరు గట్టిగా మూసేశాను. ఊపిరాడక అది గింజుకుంటోంది. నేను వదల్లేదు. నా చేతుల మీద, వేళ్ల సందుల్లో, మెల్లగా... పైనుంచి కిందికి... తడి. దారి వెతుకుతున్నట్టు.

మెట్ల మీద టార్చి వెలుగు పడింది. పెద్దమ్మ.

బల్ల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నురగ చార. నా చేతుల నిండా అదే. "బ్యాటరీ కారిందే. ఇంతోటిదానికి ఈ ఏడుపులా!" అని పెద్దమ్మ కసిరింది. బ్యాటరీ కారిందే అనుకుందాం. వెచ్చగా ఎందుకుందో ఆవిడ చెప్పలేదు.

మర్నాడు బోర్డు చక్కగా పనిచేసింది. మీ పిన్ని తడిగుడ్డ తప్ప అన్నీ చూపించింది. ఆ సాయంత్రం నేను చేతులు చర్మం లేచేదాకా తోముకున్నాను. ఇప్పటికీ తోముకుంటాను, మీరు నవ్వుతుంటారు.

ఇదంతా ఇన్నాళ్లూ నాలోనే ఉంచుకున్నాను. కానీ చిన్నదానా, నిన్న పొద్దున నువ్వు నా పక్కలోకి దూరి, "బ్యాటరీ బతికుందో లేదో నాలుకకే తెలుస్తుంది కదమ్మా?" అన్నావు. ఎవరు చెప్పారే అంటే, "ఏమో" అన్నావు. లేచి అటక చూశాను. పెట్టెకు నేనంటించిన టేపు అంటించినట్టే ఉంది. తిరిగొచ్చి నీకు ముద్దు పెట్టబోయాను. నీ నోట్లోంచి ఆ సొరుగు వాసన వచ్చింది.

అందుకే చెబుతున్నాను. మీ స్నేహితుల్లో ఎవరింట్లో అలాంటి పెట్టె ఉన్నా ఈ కథ వాళ్లకు చెప్పండి. బ్యాటరీని నాలుకతో చూడొద్దని చెప్పండి. ఆట అయిపోగానే బ్యాటరీ ఊడదీసి పెట్టమనండి. చీకట్లో ఎవరైనా నోరు తెరవమంటే, ఎంత ముద్దుగా అడిగినా తెరవొద్దనండి.